శకుని గతం: వ్యాసుడు రాయని కథ బుల్లితెర దాకా ఎలా వచ్చింది?

శకుని కౌరవులను ఎందుకు నాశనం చేశాడని అడిగితే తెలుగువారిలో చాలామంది ఒకే కథ చెబుతారు. చెరసాల, పిడికెడు మెతుకులు, ఆకలితో చచ్చిపోయిన తండ్రి, ఆయన ఎముకలతో చేసిన పాచికలు. ఇంత బలంగా నాటుకుపోయిన ఈ కథ వ్యాసుడి సంస్కృత భారతంలో లేదు. ఉన్న వివరాలు చూస్తే ఈ కథ జరిగే అవకాశం కూడా కనిపించదు. అయినా నోటిమాటగా పుట్టి, వెండితెరకెక్కి, చివరకు టీవీ ధారావాహికల కాలానికి అది శకునికి అసలు చరిత్రగా స్థిరపడిపోయింది.

ప్రతినాయకుడి గతాన్ని విప్పి చూపే ఘట్టం నేటి టీవీ కథలకు ఇష్టమైన వస్తువు. శకుని విషయంలో ఆ ఘట్టం ఎలా తయారైంది, దాని వల్ల కథలోని నేరం ఎవరి ఖాతా నుంచి ఎవరి ఖాతాకు మారింది అన్నది ఈ వ్యాసం విషయం.

జనం చెప్పుకునే కథ

ప్రాంతాన్ని బట్టి వివరాలు మారినా కథ చట్రం ఒకటే. గాంధారి జాతకంలో మొదటి భర్తకు ఆయుష్షు లేదని జ్యోతిష్కులు చెబుతారు. దోషం పోవడానికి ఆమెకు ముందు ఒక మేకపోతుతో పెళ్లి జరిపించి, దాన్ని బలి ఇస్తారు. ఆ తరువాతే ధృతరాష్ట్రుడితో వివాహం. కొన్నేళ్లకు సంగతి బయటపడుతుంది. తమ ఇంటికి వచ్చినది ఒక రకంగా వితంతువన్న అవమానంతో కౌరవులు గాంధార రాజు సుబలుడిని, ఆయన కొడుకులను బంధిస్తారు. బంధించింది భీష్ముడని కొందరు, ధృతరాష్ట్రుడని కొందరు, దుర్యోధనుడని మరికొందరు చెబుతారు.

చెరలో అందరికీ కలిపి ఒక్కరికి సరిపోయే తిండి మాత్రమే పెడతారు. పంచుకుంటే అందరూ చస్తారు కాబట్టి, పగ తీర్చుకోగల తెలివైనవాడు ఒక్కడే తిని బతకాలని సుబలుడు నిర్ణయిస్తాడు. ఆ ఒక్కడూ శకుని. తండ్రి చనిపోయే ముందు, అడుగడుగునా పగ గుర్తుండాలని కొడుకు కాలు విరుస్తాడు. తన ఎముకలతో పాచికలు చేసుకొమ్మని, అవి అడిగిన పందెమల్లా పడతాయని చెబుతాడు. కుంటి నడక, చెప్పినట్టు వినే పాచికలు, ఆపని కుట్ర అన్నింటికీ ఈ ఒక్క కథలో కారణం దొరుకుతుంది. కథ ఇంతగా నిలిచిపోవడానికి ఆ పొందికే ప్రధాన కారణం.

మూలంలో ఏముంది?

ఆదిపర్వంలో గాంధారి పెళ్లి ప్రస్తావన చాలా క్లుప్తంగా ఉంటుంది. వరుడు గుడ్డివాడని సుబలుడు వెనకాడతాడు. కురువంశం గొప్పతనాన్ని తలచుకుని ఒప్పుకుంటాడు. గాంధారి కళ్లకు గంతలు కట్టుకుంటుంది. చెల్లెలిని హస్తినాపురానికి తీసుకొచ్చి పెళ్లి జరిపించేది శకునే. మర్యాదలు అందుకుని తిరిగి వెళ్తాడు. మేకపోతు లేదు, కోపం లేదు, శపథం లేదు.

తరువాతి పర్వాలు చెరసాల కథకు ఇంకా పెద్ద అడ్డు. ధర్మరాజు రాజసూయ యాగానికి వచ్చిన రాజుల జాబితాలో సుబలుడు ఉన్నాడు. యాగం ముగిశాక ఆయన్నూ కొడుకునూ సాగనంపే పని నకులుడికి పడుతుంది. అంటే మాయాజూదానికి కొద్దికాలం ముందు వరకు తండ్రి బతికే ఉన్నాడు, అదీ పాండవుల అతిథిగా. ఇక అన్నదమ్ముల విషయానికొస్తే, వాళ్లు ఆకలితో చావలేదు, కురుక్షేత్రంలో కౌరవుల పక్షాన పోరాడి చనిపోయారు. భీష్మపర్వంలో అర్జునుడి కొడుకు ఇరావంతుడి చేతిలో కొందరు, ద్రోణపర్వంలో అర్జునుడి చేతిలో అచలుడు, వృషకుడు కూలిపోతారు. తమ కుటుంబాన్ని మాడ్చి చంపిన వంశం కోసం వాళ్లంతా ప్రాణాలివ్వడం చెరసాల కథతో పొసగదు.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది అరణ్యపర్వంలోని ఘోషయాత్ర. గంధర్వుల చేతిలో చిక్కిన దుర్యోధనుడిని పాండవులు విడిపిస్తారు. ఆ అవమానం భరించలేక అతడు నిరాహారంగా ప్రాణాలు విడవాలని కూర్చుంటాడు. కౌరవ వంశాన్ని తుడిచిపెట్టాలన్నదే శకుని లక్ష్యమైతే ఇంతకన్నా మంచి సమయం ఉండదు. అక్కడ అతడిచ్చే సలహా వేరు. పాండవులు చేసిన మేలును గుర్తించి, వారి రాజ్యం వారికి తిరిగిచ్చి, కీర్తి తెచ్చుకొమ్మంటాడు. దుర్యోధనుడు వినడు. మేనల్లుడి మేలు కోరి, దాని కోసం ఎంత అన్యాయానికైనా దిగే మేనమామ మూలంలో కనిపిస్తాడు. రహస్యంగా పగ పెంచుకున్నవాడు కనిపించడు.

శకుని మరణం కూడా అలాగే సూటిగా ఉంటుంది. జూదం తరువాత సహదేవుడు చేసిన ప్రతిజ్ఞ పద్దెనిమిదో రోజున శల్యపర్వంలో నెరవేరుతుంది. ముందు కొడుకు ఉలూకుడు తండ్రి కళ్లెదుటే చనిపోతాడు, తరువాత శకుని. చివరి క్షణంలో గుట్టు విప్పడం, పగ తీరిందని నవ్వడం లాంటివేమీ లేవు.

పాచికల సంగతి

పాచికలు ఎవరి ఎముకలతో చేశారన్నది సభాపర్వం పట్టించుకోదు. శకుని బలం అతడి నైపుణ్యం. ధర్మరాజుకు జూదమంటే ఇష్టం కానీ ఆడటం రాదని దుర్యోధనుడికి చెప్పి ధైర్యం ఇచ్చేది శకునే. ఆటలో ప్రతి పందెం వెనుక మోసం ఉందని కథ చెబుతుంది, అది మంత్రం వల్ల అని చెప్పదు. వేదకాలపు జూదంలో వాడినవి తానికాయలు. ఎముకతో, దంతంతో చేసిన పాచికలూ మన నేల మీద చాలా పాతవే, సింధు నాగరికత తవ్వకాల్లోనూ పాచికలు దొరికాయి. ఎముక పాచికలు వాడుకలో ఉన్న సమాజంలో, ఆ ఎముక ఎవరిది అన్న ప్రశ్న నుంచి కథ పుట్టడం సహజమే.

పాచికలకు మహిమ అంటగట్టడం వల్ల కథలో ఒక మార్పు జరుగుతుంది. నైపుణ్యం ఉన్న మోసగాడితో ఆడకుండా లేచిపోయే అవకాశం ధర్మరాజుకు ఉంది. మహిమ ఉన్న పాచికల ముందు అతడు నిస్సహాయుడు. తమ్ముళ్లను, భార్యను పందెం కాసినవాడి తప్పు అక్కడ కొంత తేలికవుతుంది.

తెలుగు తెర: సత్యపీఠం నుంచి చెరసాల దాకా

తెలుగులో జూద ఘట్టాన్ని మొదట రాసింది నన్నయ. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి ఆస్థానంలో ఆయన మొదలుపెట్టిన భారతంలో సభాపర్వం ఆయన చేతి మీదుగానే వచ్చింది. శకుని మరణం తిక్కన భాగంలో ఉంది. కానీ మన వాడుకలో స్థిరపడిన శకుని ఈ ఇద్దరి నుంచి మాత్రమే వచ్చినవాడు కాదు. హరికథ, బుర్రకథ, తోలుబొమ్మలాట, పద్యనాటకం, ఆ తరువాత సినిమా కలిసి ఆ రూపాన్ని తీర్చాయి.

కె.వి. రెడ్డి తీసిన ‘మాయాబజార్’ (1957)లో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు వేసిన శకునికి గతం అవసరం రాలేదు. మాటకారి, జిత్తులమారి, నవ్విస్తూనే గోతులు తవ్వే పెద్దమనిషి అతడు. చివర్లో అబద్ధం చెప్పనివ్వని సత్యపీఠం ఎక్కి తన మనసులోని మాటంతా తానే కక్కేస్తాడు. ఆ లోపల ఉన్నది కూడా కుట్రే. దాని వెనుక గాయమేమీ బయటపడదు.

తొమ్మిదేళ్లకు ఎన్.టి. రామారావు స్వీయ దర్శకత్వంలో వచ్చిన ‘శ్రీకృష్ణ పాండవీయం’ (1966) దారి మార్చింది. జానపద కథలోని చెరసాలను అది కథలోకి తెచ్చింది. ఎన్టీఆర్ అందులో శ్రీకృష్ణుడిగా, దుర్యోధనుడిగా రెండు పాత్రలు వేశారు. శకునిగా ధూళిపాళ నటించారు. తనవారి చావు చూసి బతికిన మనిషిగా శకుని పరిచయమవడంతో, తరువాత అతడు మేనల్లుడితో చెప్పే ప్రతి తీయని మాటా ప్రేక్షకుడికి రెండు అర్థాలతో వినిపిస్తుంది. ‘దాన వీర శూర కర్ణ’ (1977)లోనూ ధూళిపాళే శకుని. తెలుగు ప్రేక్షకులకు శకుని అనగానే ఆయన ముఖం, ఆయన గొంతు గుర్తుకు రావడానికి ఈ రెండు సినిమాలే పునాది.

ఆదివారం ఉదయపు శకుని

దూరదర్శన్‌లో బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ 1988 అక్టోబర్ 2న మొదలై 1990 జూన్ 24న ముగిసింది. మొత్తం 94 భాగాలు. బి.ఆర్. చోప్రా, రవి చోప్రా దర్శకత్వం, రాహీ మాసూమ్ రజా సంభాషణలు. శకునిగా గూఫీ పేంటల్ నటించారు. ఆ ధారావాహికకు నటీనటులను ఎంపిక చేసిన బృందంలోనూ ఆయనే ముఖ్యుడు.

వ్యాసభారతం శకునిని కుంటివాడిగా వర్ణించదు. గూఫీ పేంటల్ శకుని కుంటుతూ నడిచాడు, అరచేతుల మధ్య పాచికలు దొర్లించాడు, ఒక కన్ను చికిలించి మాట్లాడాడు. ఆ నడకకు కారణం తెర మీద వెతుక్కోవలసిన అవసరం ప్రేక్షకులకు లేకపోయింది. నానమ్మ చెప్పిన కథ ఇంట్లో సిద్ధంగా ఉంది. చెల్లెలిని గుడ్డివాడికి కట్టబెట్టారన్న ఉక్రోషాన్ని పాత్రకు ఇంధనంగా వాడుకోవడం తెలుగు ఇళ్లకు కొత్తగా అనిపించలేదు. హిందీ అంతంతమాత్రంగా వచ్చినవారు కూడా ఆ పాత్రను వెంటనే పోల్చుకున్నారు.

2013 సెప్టెంబర్ నుంచి 2014 ఆగస్టు వరకు స్టార్ ప్లస్‌లో వచ్చిన కొత్త ‘మహాభారత్’లో ప్రణీత్ భట్ శకుని. 267 భాగాల ఆ ధారావాహిక తెలుగు మాటలతోనూ వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో పాత ‘మహాభారత్’ డీడీ భారతిలో మళ్లీ వచ్చినప్పుడు, రెండు తరాలు ఇద్దరు శకునులను పక్కపక్కన పెట్టి చూసుకోగలిగాయి. గూఫీ పేంటల్ 2023 జూన్‌లో కన్నుమూశారు.

శంకర్ నగర్ నుంచి చూస్తే

టీవీ మన పల్లెలకు చేరిన కథలో తెలుగు నేలకు, రాయపూర్‌కు ఒక పోలిక ఉంది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఉపగ్రహం ద్వారా బోధనా టీవీ ప్రయోగం, అంటే సైట్ జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లోని పల్లెలు, అప్పటి మధ్యప్రదేశ్‌లో భాగమైన రాయపూర్ పరిసరాల పల్లెలు ఒకే ఏడాది టీవీ ముఖం చూశాయి. ప్రయోగం ముగిశాక 1977లో రాయపూర్‌కు భూతల ప్రసారం వచ్చింది, హైదరాబాద్ కూడా అదే ఏడాది అక్టోబర్‌లో దూరదర్శన్ పటంలో చేరింది. ఛత్తీస్‌గఢ్ రాజధానిగా మారిన రాయపూర్‌లో దూరదర్శన్ కేంద్రం ఉన్నది శంకర్ నగర్‌లోనే. విజయనగరం నుంచి రాయపూర్ దాకా 1931 నాటికి పూర్తయిన రైలు మార్గం ఈ నగరాన్ని ఉత్తరాంధ్రకు చాలాకాలంగా కలుపుతూనే ఉంది.

ఈ ప్రాంతానికి భారతం టీవీతో రాలేదు. పండ్వానీ ఇక్కడి సొంత ఆస్తి. చేతిలో తంబూరాతో ఒక్క కళాకారుడు భారతమంతా పాడి, ఆడి, మాట్లాడి చెబుతాడు. వెనుక వాద్యగాళ్లతో పాటు, మన బుర్రకథలో వంతల్లాగా ఊ కొట్టి ప్రశ్నలడిగే ఒక సహాయకుడు ఉంటాడు. పండ్వానీలో వేదమతి, కాపాలిక అని రెండు శైలులు. వేదమతిలో కూర్చుని, సబల్‌సింగ్ చౌహాన్ హిందీ భారతాన్ని అనుసరించి చెబుతారు. ఝాడూరామ్ దేవాంగన్ ఆ శైలికి పేరు. కాపాలికలో నిలబడి, అప్పటికప్పుడు అల్లుకుంటూ చెబుతారు. భిలాయ్ దగ్గరి గనియారీలో పుట్టిన తీజన్ బాయి స్త్రీగా ఆ నిలబడి చెప్పే శైలిని ఎంచుకుని, ఎదురైన అభ్యంతరాలను దాటి, 2019లో పద్మవిభూషణ్ దాకా ఎదిగారు.

పండ్వానీకి నాయకుడు భీముడు. తంబూరాయే గద అవుతుంది, అదే విల్లు అవుతుంది. తీజన్ బాయి పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది దుశ్శాసన వధ. చోప్రా ‘మహాభారత్’ మొదలైన ఏడాదే దూరదర్శన్‌లో వచ్చిన శ్యామ్ బెనెగల్ ‘భారత్ ఏక్ ఖోజ్’ భారతానికి రెండు భాగాలు కేటాయించి, కథ చెప్పే గొంతుగా తీజన్ బాయిని తీసుకుంది. ఒకే ఏడాది దేశం ఒకే కథను రెండు పద్ధతుల్లో చూసింది. ఒకదానిలో కిరీటాలు, సెట్టింగులు, ఒక్కో పాత్రకు ఒక్కో నటుడు. రెండోదానిలో అందరికీ కలిపి ఒకే మనిషి, ఒక తంబూరా.

రెండో పద్ధతిలో ప్రతినాయకుడి గతం ఒక భాగంగా ఉండనవసరం లేదు. కథకుడు కావాలనుకుంటే నాలుగు మాటల్లో చెప్పి ముందుకు పోతాడు. పక్క ఊళ్లో అదే చోట వేరే కారణం చెప్పినా ఎవరూ తప్పు పట్టరు. శకుని చెరసాల కథ ఇలాంటి నోళ్ల మీదే బతికింది. సుబలుడిని బంధించింది ఎవరన్న విషయంలో అన్ని పాఠాంతరాలు ఉండటానికి కారణం ఇదే. కెమెరా ముందుకు వచ్చేసరికి ఒక పాఠాంతరాన్ని మాత్రమే ఎంచుకోవాలి. ఎంచుకున్నది దేశమంతటికీ అదే రోజు చేరుతుంది. మిగతావి క్రమంగా మరుగునపడతాయి.

గతం చెప్పే భాగం ఎందుకు పుడుతుంది?

వారానికి ఒక్కటి చొప్పున 94 భాగాలకు కథ చాలు. రోజూ ఒకటి చొప్పున 267 భాగాలు నడపాలంటే కథకు కొత్త గదులు కట్టాలి. నాయకుడి మంచితనాన్ని సాగదీయడం కష్టం. ప్రతినాయకుడి గతం మాత్రం సులువుగా పెరుగుతుంది. చెల్లెలి పెళ్లి, అవమానం, శపథం, మొదటి మోసం ఒక్కొక్కటీ ఒక్కో రోజు ప్రసారానికి సరిపోతాయి. అప్పటిదాకా భయపెట్టిన ముఖం మీద జాలి కలిగితే ప్రేక్షకుడు మర్నాడు తప్పక వస్తాడు.

ప్రపంచమంతటా రచయితలకు తెలిసిన పద్ధతే ఇది. అమెరికన్ ధారావాహిక ‘ది ఎక్స్-ఫైల్స్’లో పేరు తెలియని ఒక ప్రతినాయకుడు మూడేళ్లపాటు సిగరెట్ పొగ మధ్య నిలబడి కుట్రలు నడుపుతాడు. విలియం బి. డేవిస్ వేసిన ఆ పాత్ర గతాన్ని 1996 నవంబర్ 17న వచ్చిన ‘మ్యూజింగ్స్ ఆఫ్ ఎ సిగరెట్ స్మోకింగ్ మ్యాన్’ అనే భాగం విప్పింది. గ్లెన్ మోర్గాన్ రచన, జేమ్స్ వాంగ్ దర్శకత్వం. కెనెడీ, మార్టిన్ లూథర్ కింగ్ హత్యల వెనుక ఉన్నది ఇతడేనని, అదే మనిషి రాత్రిళ్లు నవలలు రాసి ప్రచురణకర్తల తిరస్కారాలు అందుకుంటాడని ఆ భాగం చూపించింది.

అయితే ఇదంతా చెప్పేది ఫ్రోహికీ అనే పాత్ర. అతడికి ఆధారం తాను ఎక్కడో చదివిన ఒక కథ. కాబట్టి చూసింది నిజమా, ఎవరో అల్లినదా అన్నది చివరికీ తేలదు. గతం చూపిస్తూనే దాన్ని పూర్తిగా నమ్మవద్దని హెచ్చరించడం ఆ భాగం ప్రత్యేకత. మన తెరల మీద శకుని గతానికి ఆ హెచ్చరిక లేదు. ఎవరో చెప్పగా విన్నట్టు కాక, కళ్ల ముందు జరిగినట్టే కనిపిస్తుంది. నోటిమాటలో ఉన్న ‘అంటారు’ అన్న ఒక్క మాట తెర మీదికి వచ్చేసరికి జారిపోయింది.

బాధ్యత ఎవరిది?

గతం చెప్పడం వల్ల నష్టమేమిటన్న ప్రశ్న రావచ్చు. జానపద కథ వెనుక ఒక న్యాయదృష్టి ఉంది. బలమైన రాజ్యం ఒక చిన్న రాజ్యపు ఆడపిల్లను గుడ్డివాడికి అడిగితే కాదనే ధైర్యం ఎవరికి ఉంటుంది? ఆ అన్యాయాన్ని మూలం రెండు మాటల్లో దాటేసింది. జనం దాన్ని పట్టుకుని గాంధార కుటుంబానికి ఒక గొంతు ఇచ్చారు. కేరళలోని కొల్లం జిల్లా పవిత్రేశ్వరంలో శకునికి గుడి కూడా ఉంది. ఓడినవాడి వైపు నుంచి కథ వినే గుణం మన సంప్రదాయంలో ఎప్పుడూ ఉన్నదే.

చిక్కు మరోచోట ఉంది. శకుని పగే యుద్ధానికి కారణమైతే, దుర్యోధనుడు మేనమామ వలలో పడ్డ అమాయకుడవుతాడు. ధృతరాష్ట్రుడు ఏమీ తెలియని తండ్రి అవుతాడు. సభాపర్వం చెప్పేది ఇందుకు విరుద్ధం. ఇంద్రప్రస్థ వైభవం చూసి కుళ్లిపోయింది దుర్యోధనుడు. ఆ కుళ్లుకు దారి చూపినవాడు శకుని. విదురుడు వద్దన్నా ఆటకు అనుమతించి, ప్రతి పందెం దగ్గరా గెలిచామా అని ఉబలాటంగా అడిగినవాడు ధృతరాష్ట్రుడు. మొదటి జూదం తరువాత అన్నీ తిరిగిచ్చేసి, మళ్లీ పిలిపించి రెండో జూదానికి ఒప్పుకున్నదీ ఆయనే. ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్చింది దుశ్శాసనుడు. ఆమె అడిగిన ధర్మసందేహానికి జవాబివ్వకుండా తల వంచుకున్నవారు భీష్మద్రోణులు.

ఇంతమంది పంచుకోవలసిన నేరాన్ని బయటి నుంచి వచ్చిన ఒక్క మనిషి మీద వేయడం కుటుంబాలకు సౌకర్యం. ఇంట్లో ఆస్తి తగాదా వచ్చినా, అన్నదమ్ములు విడిపోయినా మనవాళ్లు మంచివాళ్లే, చెడగొట్టింది శకుని మామ అనేస్తే సరిపోతుంది. ఆ మాట మన వాడుకలో అంత తేలికగా దొర్లడానికి కారణం ఆ సౌకర్యమే. రోజువారీ ధారావాహికలు కూడా ఇంటి గొడవకు మేనమామనో, కోడలి తరఫు బంధువునో కారణంగా చూపించడం వెనుక అదే లెక్క ఉంది.

ద్రౌపది స్థానం కూడా ఇక్కడే మారుతుంది. సభలో జరిగింది శకుని పగలో ఒక మెట్టుగా చూస్తే, ఆమె అవమానం వేరెవరి కథలోనో ఒక సంఘటన అవుతుంది. పండ్వానీ ఆ తప్పు చేయదు. దుశ్శాసన వధ పాడేటప్పుడు అక్కడ గుర్తుకు రావలసినది ఆమె విప్పుకున్న జుట్టు, ఆమె పెట్టిన షరతు. ఎవరు ఎవరి తండ్రిని ఎప్పుడు బంధించారన్నది ఆ వేళ ఎవరికీ పట్టదు.

శకుని గతం చెప్పే కథలు ఇంకా వస్తాయి. వాటిని చూసేటప్పుడు రెండు ప్రశ్నలను విడివిడిగా అడుగుకోవాలి. ఇతడు ఇలా ఎందుకు తయారయ్యాడు అన్నది ఒకటి. ఆ రోజు సభలో ఎవరెవరు ఏమేం చేశారు అన్నది రెండోది. మొదటిదానికి చెరసాల కథ ఒక జవాబు, అదీ చాలా జవాబుల్లో ఒకటి. రెండోదానికి జవాబు సభాపర్వంలోనే పేర్లతో సహా ఉంది.